కొత్త కౌన్సిలర్‌ని: వార్డు ఫోన్లు, సమస్యలు ఎలా చూసుకోవాలి?

లెక్కల_టీచర్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ మాది. మహిళా రిజర్వేషన్ రావడంతో మొదటిసారి నిలబడ్డాను, గెలిచాను. అంతకుముందు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఇంట్లో రాజకీయాల్లో ఎవరూ లేరు.

గెలిచిన దగ్గర్నుంచి పొద్దున ఆరింటికి మొదలైన ఫోన్ రాత్రి పది దాకా ఆగదు. మోరీ నిండింది, లైటు వెలగట్లేదు, నల్లా రావట్లేదు, పింఛను ఆగింది, రేషన్ కార్డులో కోడలి పేరు ఎక్కలేదు, ఇందిరమ్మ ఇళ్ల లిస్టులో మా పేరెందుకు లేదు, పక్కింటోడు గోడ ముందుకు జరిపాడు. మొన్న ఒకాయన, కొడుకు బైకును ఫైనాన్సోళ్లు పట్టుకుపోయారు, విడిపించమని ఫోన్ చేశాడు. అందరికీ "సరే, చూస్తాను" అంటున్నా. సాయంత్రానికి ఎవరికి ఏం చెప్పానో గుర్తుండట్లేదు.

వార్డు వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. అందులో గుడ్ మార్నింగ్ ఫోటోల మధ్య సమస్యలు కొట్టుకుపోతున్నాయి. ఒకబ్బాయైతే వాళ్లమ్మ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ రెండూ ఫోటో తీసి గ్రూపులోనే పెట్టేశాడు.

ఇంకో సంగతి. మా ఆయనకి ఎలక్ట్రికల్ షాపుంది. వార్డులో సగం మంది ఆయనకే ఫోన్ చేస్తారు. ఆఫీసుకు నేను పోతే కూడా "సార్‌ని పంపించండి మేడమ్, మాట్లాడతాం" అంటున్నారు. ఆయన మంచోడే, కానీ ఓట్లు పడ్డది నాకు కదా.

ఇవన్నీ మీరు ఎట్లా రాసుకుంటారు? ఏది మన పని, ఏది కాదు? యాప్ ఏమన్నా ఉంటే చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

కోడింగ్_తమ్ముడు

సింపుల్ మేడమ్. గూగుల్ ఫామ్ ఒకటి చేసి గ్రూపులో పిన్ చేయండి. పేరు, వీధి, సమస్య రకం, ఫోటో. అన్నీ షీట్‌లోకి వచ్చి పడతాయి, రకాన్ని బట్టి ఫిల్టర్ చేసుకోవచ్చు. ఫోన్లు చేసేవాళ్లకి లింక్ పంపిస్తే సరిపోతుంది. కావాలంటే నేను చేసిస్తా.

గంజి_చీర_అక్క

తమ్ముడూ, ఫామ్ మంచిదే. కానీ మా వార్డులో మోరీ నిండిందని చెప్పేది బీడీలు చుట్టే పెద్దమ్మ. ఆమెకి లింక్ పంపితే ఏం చేసుకుంటది? వచ్చి మా గేటు కొడుతుంది. షీట్ చేసుకో చెల్లే, కానీ నింపాల్సింది నువ్వే. జనంతో నింపించాలని చూడకు.

నేను 2014లో ఒకసారి, 2020లో ఒకసారి గెలిచాను. 2025 జనవరిలో మా కౌన్సిళ్ల గడువు అయిపోయి ప్రత్యేకాధికారులు వచ్చారు. మా గేటు చప్పుడు మాత్రం ఆగలేదు. ఇప్పటికీ వస్తారు. పదవి లేదమ్మా అంటే "నువ్వైతే ఎవర్ని అడగాలో చెప్తవు కదా" అంటారు.

నాది లాంగ్ నోట్‌బుక్. ఎడమ పేజీ మనిషిది, కుడి పేజీ ఆఫీసుది. ఎడమ పక్క తేదీ, పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు, ఆ మనిషి ఏమన్నారో వాళ్ల మాటల్లోనే. కుడి పక్క ఆ పని ఏ శాఖది, ఎవరి చేతికి ఇచ్చాను, రశీదు నంబరెంత, మళ్లీ ఎప్పుడు అడగాలి. చివర్న ఎర్ర పెన్నుతో టిక్కు. ఆ టిక్కు పని అయినప్పుడు పెట్టను. అయిందో, కాలేదో, కాదో, ఆ మనిషికి సంగతి చెప్పిన రోజున పెడతా. ఎందుకంటే వార్డులో నామీద గట్టిగా అరిచినవాళ్లలో ఎక్కువమంది పని కానివాళ్లు కాదు, ఏ జవాబూ అందనివాళ్లు. "మీ దరఖాస్తు తిరగ్గొట్టారు, ఫలానా కారణం" అని ఎదురుగా చెప్తే కాసేపు గొణుక్కుని పోతారు. నెలలు గడిచినా ఏమీ చెప్పకపోతే మాత్రం వాళ్లే ఓ కథ అల్లుకుంటారు. పైసలు అడుగుతోందని, ఫలానా కులం వాళ్లకే చేస్తోందని.

ఇక ఏది ఎవరిదన్నది ముందు బట్టీ పట్టాలి, టీచర్‌వి కాబట్టి నీకు కష్టం కాదు. స్తంభం కరెంటోళ్లది, దాని మీది లైటు మున్సిపాలిటీది. తీగ తెగితే, ట్రాన్స్‌ఫార్మర్ పేలితే 1912. మిషన్ భగీరథ నీళ్లు ఊరి ట్యాంకు దాకా వాళ్లు తెస్తారు, ట్యాంకు నుంచి నల్లా దాకా మున్సిపాలిటీ చూడాలి. ఒక్క వీధికే నీళ్లు రాకపోతే మున్సిపాలిటీ నల్లా లైన్‌మన్‌ని అడుగు. ఊరంతా రాకపోతే ఆయన్ని తిట్టి లాభం లేదు. రేషన్ కార్డు తహశీల్దారు ఆఫీసులోనో పౌర సరఫరాల దగ్గరో తేలుతుంది. ఇంటి పన్నులో పేరు మార్పు మున్సిపల్ రెవెన్యూ సెక్షన్‌ది. పన్ను సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఏప్రిల్‌లో కట్టేస్తే ఆ ఏడాది పన్నులో 5 శాతం తగ్గిస్తారు. అది మార్చి నెలాఖర్లోనే వార్డంతా చెప్పించు. నీకు ఖర్చు లేదు, మంచి పేరొస్తుంది.

నోట్‌బుక్‌లో ఒక పేజీ ఎట్లా ఉంటుందో చెప్తా. ఎడమ పక్క: "వాన పడితే మోరీ నీళ్లు వంటింట్లకు వస్తున్నయి. చెప్పి చెప్పి యాష్టకొచ్చినం." కుడి పక్క మొదటి లైను, శానిటరీ జవానుకు చెప్పాను, పూడిక తీశారు. రెండో లైను, మళ్లీ నిండింది. మూడో లైను, మున్సిపల్ ఇంజనీరు ఏఈని తీసుకెళ్లి చూపించాను. మోరీ బాగానే ఉంది, అది మెయిన్ రోడ్డు దాటే చోట కింద పైపు మట్టితో కూరుకుపోయింది. నాలుగో లైను, ఆ రోడ్డు ఆర్ అండ్ బీది, అంటే రోడ్లు భవనాల శాఖది. అదీ సంగతి. మున్సిపాలిటీ వాళ్లు ఎన్నిసార్లు పూడిక తీసినా ఆ పైపు మారేదాకా నీళ్లు వంటింట్లోకే వస్తాయి. రోడ్డు తవ్వాలంటే ఆర్ అండ్ బీ అనుమతి కావాలి. కమిషనర్‌తో వాళ్ల ఇంజనీరు డీఈకి లెటర్ పెట్టించి, ఒక కాపీ నేను తీసుకున్నా. ఆ లైనులో ఉన్న ఇళ్ల ఫిర్యాదులన్నీ తేదీలతో సహా కౌన్సిల్ సమావేశంలో చదివాను. ఎండాకాలంలో పైపు మారింది. ఈలోపు ప్రతి వానకీ ఆ ఇళ్లకి పోయి "ఫైలు ఇక్కడుంది" అని చెప్పొచ్చేదాన్ని. ఒకాయన విసుక్కుని, ఫైలు నా వంటింట్లో పెట్టమను, తడుస్తదో లేదో చూద్దాం అన్నాడు. ఆ మాట కూడా రాసుకున్నా.

పింఛన్లలో రెండు రకాలు. ఆగినవి వేరు, ఇంకా రానివి వేరు. రెండింటినీ కలిపి రాసుకోకు. ఆగిందని వస్తే నేను ముందు చేసే పని, బ్యాంకుకు పోయి పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించుకుని రమ్మంటా. సగం సంగతి అక్కడే తేలుతుంది. డబ్బు పడుతూనే ఉంటుంది, కొడుకు ఏటీఎం కార్డుతో తీసుకుంటుంటాడు. ఇది నువ్వు నమ్మవు, కానీ చూస్తావు. అప్పుడు నలుగురిలో బయటపెట్టకు, ఆ పెద్దమనిషిని పక్కకి పిలిచి చెప్పు. గ్యాస్ రాయితీ లాంటివైతే ఆధార్ చివరిసారి ఏ ఖాతాకు లింకయిందో అందులోకి పోతుంటాయి. ఆమె పాత ఖాతా చూసుకుని రాలేదంటుంది. కొత్తగా అడిగేవాళ్లకి మాత్రం నేను "ఇప్పిస్తా" అనను. వృద్ధులకి 2,016, దివ్యాంగులకి 4,016 అని అందరికీ తెలుసు. మంజూరు పైనుంచి రావాలన్నది తెలియదు. "దరఖాస్తు నమోదు చేయిస్తా, నంబరు ఇప్పిస్తా, మంజూరు నా చేతిలో లేదు" అని మొదటి రోజే చెప్పు. ఇందిరమ్మ ఇళ్లకీ అంతే. లిస్టులో పేరెందుకు లేదని అడిగితే కారణం కనుక్కుని చెప్పడం నీ పని. వచ్చే లిస్టులో పెట్టిస్తానని మాటివ్వడం కాదు.

బైకు ఫైనాన్సు, సరిహద్దు గోడ, అన్నదమ్ముల పంపకం... వీటిల్లోకి దిగకు. గోడ మున్సిపల్ రోడ్డు మీదికి వస్తే నీది. పక్కింటోడి జాగాలోకి పోతే అది వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి. న్యాయ సహాయానికి 15100 ఉంది, లోక్ అదాలత్ ఉంది, నంబరు రాసిచ్చి పంపు. మొగుడు కొడుతున్నాడని ఎవరైనా వస్తే మాత్రం రాజీ మాటలు వద్దు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయించు, ఇట్లాంటి ఆడవాళ్లకి సాయం చేసే సఖి సెంటరుకు నువ్వే తోడుండి తీసుకెళ్లు. ఆ పేరు మాత్రం నోట్‌బుక్‌లో రాయకు.

టైము. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంటి ముందు కుర్చీలేసుకుని కూర్చుంటా. ఫోన్ చేసినవాళ్లకి కూడా "రేపు పొద్దున రండి, లేదా ఇంటి నంబరు చెప్పండి రాసుకుంటా" అంటా. సాయంత్రం పూట తీగ తెగితేనో, పాము కనబడితేనో తప్ప ఎత్తను. వారానికోసారి ఒక్క వీధి మొదటి నుంచి చివరి దాకా జవానుతో కలిసి నడుస్తా. నోరున్నోళ్లు ఎట్లాగూ ఫోన్ చేస్తారు. గేటు కొట్టడానికి కూడా మొహమాటపడేవాళ్లు ఆ వీధిలోనే దొరుకుతారు.

నెలాఖరుకి నోట్‌బుక్ తిరగేసి వీధివారీగా లెక్క వేసుకో. ఒకే మాట పది ఇళ్ల నుంచి వస్తే అది ఇక పది ఫిర్యాదులు కాదు, కౌన్సిల్ ఎజెండాలో పెట్టాల్సిన ఒక అంశం. నిధుల సంగతి వచ్చినప్పుడు ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల వార్డుకి పోతుంటాయి. తేదీలతో కాగితం పట్టుకుని నిలబడ్డవాళ్లని కాదనడం కొంచెం కష్టం. మన 2019 మున్సిపల్ చట్టం ప్రకారం వార్డుకి నాలుగు కమిటీలుండాలి కదా, యువత, మహిళలు, పెద్దవయసువాళ్లు, ఊరి ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. చాలా చోట్ల కాగితం మీదే ఉంటాయి. నువ్వు మహిళల కమిటీ ఒక్కదాన్ని నిజంగా నడిపించు, వీధికి ఒకళ్లు నీకు కళ్లూ చెవులూ అవుతారు.

ఇక మీ ఆయన. మా ఆయన మీద కూడా ఇదే నడిచింది. ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆయన ఫోన్ ఎత్తొచ్చు, ఒక్కటే మాట చెప్పాలి: "రాసి పెడతా, ఆమె మాట్లాడతది." హామీ ఇవ్వకూడదు, ఆఫీసుకు పోకూడదు. బోర్డు మీద నా నంబరు ఒక్కటే వేయించా. ఆఫీసులో "సార్‌ని పంపండి" అన్నప్పుడు నేనన్నా, "సార్ సంతకం ఏ కాగితం మీద చెల్లుతుందో చెప్పండి, ఆ కాగితానికి పంపిస్తా." నవ్వారు. తర్వాత ఎవరూ ఆ మాట అనలేదు. కోపంగా అనకు, నవ్వుతూ అను.

ఒకటి మర్చిపోయా. పెళ్లి పిలుపులు, చావు ఖర్చులు. కౌన్సిలర్ గౌరవ వేతనం పెట్రోలుకు కూడా చాలదు, జేబు చూసుకో. నేను పెళ్లిళ్లకి చదివింపులు మానేశా, చావు ఇంటికి మాత్రం అందరికీ ఒకే మొత్తం. ఎక్కువ తక్కువలు మొదలుపెట్టావా, అయిపోయావే.

మస్టర్_టైమ్

నేను మున్సిపాలిటీలో వార్డు ఆఫీసర్‌ని, ఏ ఊరో చెప్పను. అక్క చెప్పినవి ఆఫీసు వైపు నుంచి కూడా నిజమే. ఇంకొన్ని చెప్తాను మేడమ్, మీకు పనికొస్తాయి.

వాయిస్ మెసేజ్‌లు పంపకండి. రెండు నిమిషాల వాయిస్‌లో "అదే, మన గుడి పక్కన, సందులో, రాములన్న ఇంటి ముందు" అని ఉంటుంది. నేను ఈ ఊరికి వచ్చి ఆర్నెల్లు కాలేదు, రాములన్న ఎవరో నాకేం తెలుసు? లైటయితే స్తంభం మీద పెయింటుతో నంబరు ఉంటుంది, అది ఫోటో తీయండి. మోరీ అయితే ఏ ఇంటి నంబరు నుంచి ఏ ఇంటి నంబరు దాకా అనేది రాయండి. లీకేజీ అయితే నీళ్లు వదిలే టైములో తీసిన ఫోటో కావాలి, ఎండిపోయాక తీసిన ఫోటోలో ఏమీ కనబడదు.

పారిశుద్ధ్యం పనులకు ఆఫీసు టైములో నాకు ఫోన్ చేస్తే ఆ రోజు పని జరగదు. కార్మికులు తెల్లారక ముందే మస్టర్ దగ్గర హాజరు వేయించుకుని వీధులు పంచుకుంటారు. ఆ టైములో జవాను చేతిలో మీ చీటీ ఉంటే అదే రోజు అయిపోతుంది. పదకొండింటికి చెప్తే ట్రాక్టరు డంపింగ్ యార్డుకి పోయి ఉంటుంది, తిరిగొచ్చేసరికి వాళ్ల డ్యూటీ అయిపోతుంది. ఒక కౌన్సిలర్ గారు ముందురోజు రాత్రే జవానుకి నాలుగు లైన్ల మెసేజ్ పెడతారు, ముఖ్యమైనది పైన. ఆ వార్డులో మాకు గొడవ తక్కువ.

గ్రూపులో సిబ్బందిని తిట్టకండి. నాలుగొందల మంది ముందు తిట్టిన జవాను మీ వార్డుకి వస్తాడు, చీపురు ఊపుతాడు, పోతాడు. మీకు కోపం వస్తే నాకో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కో చెప్పండి.

జనన ధ్రువపత్రాల గురించి మీ వార్డులో ముందే చెప్పించండి. 21 రోజుల్లోపు నమోదైతే ఏ తలనొప్పీ లేదు. ఆసుపత్రిలో పుడితే వాళ్లే పంపుతారు. ఇంట్లో పుట్టినవి, పేరు పెట్టకుండా వదిలేసినవి తర్వాత మా ప్రాణం తీస్తాయి. ఏడాది దాటితే ఆర్డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టులో పుట్టిన తేదీ రుజువుగా ఆ ఒక్క పత్రమే చెల్లుతుంది, టెన్త్ మెమో నడవదు. బారసాల అయిన వారంలోనే పేరు ఎక్కించమని చెప్పండి. ఇంగ్లిష్ స్పెల్లింగ్ తల్లిదండ్రుల ఆధార్‌తో సరిచూసుకోమనండి. తర్వాత దిద్దించడానికి తిరిగేది వాళ్లే, ఫోన్ వచ్చేది మీకు.

సచివాలయం_బాబాయ్

అమ్మా, మాది గుంటూరు వైపు. 2021 మార్చిలో ఎన్నికలైనప్పుడు కౌన్సిలర్‌నయ్యాను. మా దగ్గర లెక్క వేరండి. 2019 అక్టోబర్ 2 నుంచి సచివాలయాలు వచ్చాయి. వార్డు సచివాలయంలో నీళ్లు, లైట్లు చూసే ఎమినిటీస్ వాళ్లు, శానిటేషన్ వాళ్లు, ప్లానింగ్ వాళ్లు, సంక్షేమం చూసేవాళ్లు, మహిళా పోలీసు, తలా ఒక కుర్చీ. అప్పట్లో వాలంటీర్లు కూడా ఉండేవాళ్లు. జనం ముందు వాలంటీరు దగ్గరికి, తర్వాత సచివాలయానికి, ఇద్దరూ కాదంటే నా దగ్గరికి. అంటే నా దాకా వచ్చేవన్నీ అప్పటికే ఎక్కడో ఇరుక్కున్నవే. 2024 జూలై నుంచి పింఛను సచివాలయం సిబ్బందే ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. 2025 జనవరిలో ప్రభుత్వ సేవలకి మన మిత్ర అనే వాట్సాప్ నంబరు వచ్చాక కొన్ని సర్టిఫికెట్లకి ఆఫీసుకి పోయే పని తగ్గింది. దాంతో నాకు మిగిలింది కాలవలు, కుక్కలు, తగాదాలు.

మీకు నేను చెప్పేది ఒక్కటే. మీ దగ్గర సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, మా దగ్గర అదే రోజు అలాంటిదే పీజీఆర్ఎస్. ఎక్కడ అర్జీ ఇచ్చినా రశీదు నంబరు వస్తుంది. ఆ నంబరు స్టేటస్ మీరే చూడండి, అర్జీదారు చూడరు. ఏ ఊళ్లో, ఏ ఆఫీసులో అన్నది చెప్పను గానీ, పని చేయకుండానే "పరిష్కరించబడింది" అని మూసేసిన అర్జీలు నేను చాలా చూశాను. ఒక ముసలాయన వీధి కుళాయి గురించి అర్జీ పెడితే "అర్జీదారునితో మాట్లాడటమైనది" అని రాసి మూసేశారు. మాట్లాడిన మాట నిజమే. ఏం మాట్లాడారయ్యా అంటే "నీళ్లు లేవు తాతా అన్నారు" అన్నాడాయన! దాన్ని మళ్లీ తెరిపించాలంటే కాగితం మీద మన దగ్గర తేదీ, ఫోటో ఉండాలి. అందుకే మీ అక్కగారి నోట్‌బుక్ నాకు నచ్చింది.

రశీదుతో కూడా కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద "ఈ అర్జీ మీద ఏ చర్య తీసుకున్నారు, ఫైలు ఎవరి దగ్గరుంది" అని అర్జీదారు చేత రాయించండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. కౌన్సిలర్ తిట్టినా కదలని ఫైలు పదిరూపాయల దరఖాస్తుకి కదలడం నేను చూశాను. ప్రతిదానికీ వాడకండి, ఆఫీసులో మొహాలు మాడతాయి.

థేమ్స్_పక్కింటి_పిల్ల

ఇంగ్లండ్‌లో ఓ బరో (మన మున్సిపాలిటీ లాంటిది) కౌన్సిలర్‌ని అండి, పుట్టింది ఒంగోలు. ఇక్కడ కామన్‌వెల్త్ దేశాల పౌరులు శాశ్వత నివాస అనుమతి ఉంటే మన పాస్‌పోర్టుతోనే స్థానిక ఎన్నికల్లో నిలబడొచ్చు. చాలామంది తెలుగువాళ్లకి తెలియదు, అందుకని చెప్తున్నా.

పని మాత్రం అదే. మోరీ బదులు చెత్తబుట్టలు, ఇందిరమ్మ ఇళ్ల బదులు కౌన్సిల్ అద్దెకిచ్చే ఇళ్లు. మా కౌన్సిల్లో సభ్యుల కోసం ఒక ఆన్‌లైన్ పద్ధతి ఉంది. నేను రాసి పంపితే కేసు నంబరు వస్తుంది, శాఖ గడువులోపు జవాబివ్వాలి. అయినా అక్కలాగే నాకూ సొంత షీట్ ఉంది, శాఖ "మూసేశాం" అన్న తేదీ, ఆ మనిషి "అవును, అయింది" అన్న తేదీ రెండూ వేరువేరు గళ్లలో రాస్తా. నెలకోసారి శనివారం లైబ్రరీలో కూర్చుంటాను, ఎవరైనా రావచ్చు. సొంతింట్లో ఎవర్నీ కలవను. ఇంటి ముందు కుర్చీలేయడం ఇక్కడ ఊహించలేం, ఇక్కడివాళ్లు పక్కింటికి కూడా మెసేజ్ పెట్టి వెళ్తారు.

కౌన్సిల్ ఇల్లు కావాలని వచ్చేవాళ్లే ఎక్కువ. ఎవరు ముందు, ఎవరు తర్వాత అనేది అవసరాన్ని బట్టి నిర్ణయిస్తారు, నేను ఎవర్నీ ముందుకు జరపలేను. కానీ దరఖాస్తులో పిల్లాడి ఆస్తమా గురించి డాక్టర్ లెటర్ పెట్టారా లేదా అని చూడగలను. చాలాసార్లు అది ఉండదు. గోడల చెమ్మ, బూజు ఇంకో పెద్ద గోల. ఒక పసివాడు బూజు పట్టిన ఇంట్లో ఉండి చనిపోయాక అతని పేరుమీద అవాబ్ చట్టం వచ్చింది, 2025 అక్టోబర్ 27 నుంచి అమలు. ఇప్పుడు సామాజిక గృహాల్లో ప్రమాదకరమైన బూజు ఉందని చెప్తే పది పనిదినాల్లో వచ్చి చూడాలి. అందుకే తేదీ లేకుండా ఫోన్లో చెప్పొద్దని అందరితో ఈమెయిల్ పెట్టిస్తున్నా. గడువు ఆ తేదీ నుంచే మొదలవుతుంది కదా.

మీ గ్రూపులో ఆ ఆధార్ ఫోటో ముందు తీయించండి. అడ్మిన్‌గా మీరే డిలీట్ చేయొచ్చు. ఇక్కడ జనం ఇచ్చిన వివరాలకు కౌన్సిలర్‌గా చట్టప్రకారం నేనే బాధ్యురాలిని, పార్టీ ప్రచారానికి ఆ నంబర్లు వాడకూడదు. మన దేశంలో కూడా 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆధార్, పాస్‌బుక్ రెండూ ఒకేచోట దొరికితే మోసగాళ్లకి పండగే. కాపీ తప్పనిసరైతే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోమనండి. పని అయ్యాక మీ ఫోన్లోంచి కూడా తీసేయండి.

లెక్కల_టీచర్

అందరికీ చాలా థాంక్స్. ఆధార్ ఫోటో ఇప్పుడే తీసేశాను, ఆ అబ్బాయికి విడిగా ఫోన్ చేసి చెప్పాను కూడా. గ్రూపులో ఇకనుంచి నేను తప్ప ఎవరూ మెసేజ్ పెట్టకుండా సెట్టింగ్ మార్చాలనుకుంటున్నా, నీళ్లు ఎప్పుడొస్తాయి, కరెంటు కోత ఎప్పుడు లాంటివే పెడతా. సమస్యలు నా నంబరుకు.

అక్కా, మీ సంతకం మాట మా ఆయనకి చదివి వినిపించాను. "ఇదేదో నాకూ మంచిదే, షాపు నడుపుకుంటా" అన్నాడు.

ఒక్క డౌటు. రాసుకుంటుంటే పాతవి పేరుకుపోవా? ఎప్పటికి కొట్టేయాలి? ఇంకా, మా దగ్గర కోతుల గురించి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. పెంకులు పీకుతున్నాయి, పిల్లల చేతుల్లోంచి టిఫిన్ బాక్సులు లాక్కుపోతున్నాయి. మా వార్డులో మోరీల కంటే కోతుల ఫోన్లే ఎక్కువ.

గంజి_చీర_అక్క

పేరుకుపోతాయి. ఆర్నెల్లకోసారి ఒక ఆదివారం కూర్చుని పాతవాళ్లందరికీ ఫోన్ చేస్తా. సగంమంది "అది ఎప్పుడో అయిపోయిందక్కా" అంటారు, మనకి చెప్పరు అంతే. మిగతావి కొత్త నోట్‌బుక్ మొదటి పేజీల్లోకి ఎక్కుతాయి. ఎర్ర టిక్కు పడకుండా ఏదీ కొట్టేయను.

కోతులకి నోట్‌బుక్‌లో నాకు విడిగా పేజీలున్నాయి, ఎర్ర టిక్కులు మాత్రం తక్కువే. పట్టేవాళ్లని పిలిపించాలంటే కౌన్సిల్ తీర్మానం, డబ్బు రెండూ కావాలి. పట్టినవాటిని ఎక్కడ వదలాలన్నది అటవీ శాఖతో మాట్లాడుకోవాలి. పక్క ఊరి పొలిమేరలో వదిలితే వాళ్లు మనూళ్లో వదులుతారు. నిర్మల్ దగ్గర 2020లో కోతుల పునరావాస కేంద్రం పెట్టారు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి వదులుతారు. నీ ఒక్క వార్డుతో అయ్యేది కాదు. చుట్టుపక్కల వార్డుల కౌన్సిలర్లు నలుగురైదుగురు కలిసి ఎజెండాలో పెట్టండి. ఈలోపు చెత్తబండి వచ్చేదాకా తిండి చెత్త గేటు బయట పెట్టొద్దని చెప్పించు.

మస్టర్_టైమ్

తీర్మానం పెట్టేటప్పుడు ఏ వీధుల్లో ఎక్కువో, కోతి కరిచి ఆసుపత్రికి పోయినవాళ్లు ఎవరో తేదీలతో ఒక లిస్టు జతచేయండి మేడమ్. మా దగ్గర మొదటిసారి "కోతుల బెడద ఎక్కువగా ఉన్నది" అని ఒక్క లైను రాసిన తీర్మానం వచ్చింది, ఫైలు వెనక్కి తిరిగొచ్చింది. రెండోసారి లిస్టుతో పంపితే పట్టేవాళ్లకి టెండరు పిలిచారు.